పహ్లవీల ఇరాన్ (1925–1979): షాలు, ప్రధానులు, మలుపులు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరాన్ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా 1953, 1979 అనే రెండు సంవత్సరాలు వినిపిస్తాయి. మొదటిదాంట్లో ఒక ప్రధానమంత్రి పడిపోయాడు, రెండోదాంట్లో ఒక రాజవంశమే పోయింది. ఈ రెండింటినీ విడివిడిగా బట్టీపట్టినవాళ్లకు అసలు ముడి అంతుపట్టదు. ఆ ముడి ఒకే ప్రశ్నలో ఉంది: ప్రధానమంత్రి ఎవరి మనిషి, మజ్లిస్ (పార్లమెంటు) మనిషా, షా (రాజు) మనిషా? కింది జవాబుల్లో చాలావాటిలో ఈ ప్రశ్నే తిరిగి తిరిగి ఎదురవుతుంది.

పర్షియా, ఇరాన్ ఒకటేనా? పేరు ఎప్పుడు మారింది?

ఒకటే. ఆ దేశస్థులు తమ దేశాన్ని ఎప్పటినుంచో ఇరాన్ అనే పిలుచుకున్నారు. పర్షియా అన్నది బయటివాళ్ల పిలుపు. ఇకపై తమతో నడిపే ఉత్తర ప్రత్యుత్తరాల్లో ఇరాన్ అనే రాయాలని రెజా షా ప్రభుత్వం విదేశాలను కోరింది. 1935 మార్చి 21, అంటే వాళ్ల కొత్త సంవత్సరాది నౌరోజ్ నుంచి అది అమల్లోకి వచ్చింది. కాబట్టి "1935లో దేశం పేరు మార్చుకుంది" అనడం సరికాదు, బయటివాళ్ల చేత మార్పించింది.

పహ్లవీలది పాత రాజవంశమా?

కాదు. మొత్తం ఇద్దరే రాజులు, తండ్రి రెజా షా, కొడుకు ముహమ్మద్ రెజా షా. వాళ్లకు ముందు ఖజార్ వంశం ఏలింది.

రెజా ఖాన్ మాజందరాన్‌లోని అలాష్త్ అనే కొండ ఊళ్లో పుట్టి, కొసాక్ బ్రిగేడ్ అనే సైనిక దళంలో మామూలు సిపాయిగా చేరి పైకి వచ్చిన మనిషి. 1921 ఫిబ్రవరి 21న తన దళంతో కజ్విన్ నుంచి టెహ్రాన్‌లోకి నడిచాడు. కుట్రలో భాగస్వామి అయిన పత్రికా సంపాదకుడు సయ్యద్ జియా తబాతబాయీ ప్రధాని అయ్యాడు, కానీ నూరు రోజులకే దేశం విడవాల్సి వచ్చింది. రెజా ఖాన్ మాత్రం తొందరపడలేదు. ముందు సైన్యాధిపతి అయ్యాడు, ఆ వెంటనే యుద్ధశాఖ మంత్రి, 1923 అక్టోబరులో ప్రధానమంత్రి. 1924లో రిపబ్లిక్ పెడదామని చూశాడు. పక్కన టర్కీలో ఖిలాఫత్ రద్దయిన తీరు చూసి బెదిరిన ముల్లాలు అడ్డం తిరగడంతో వెనక్కి తగ్గాడు. రిపబ్లిక్ వద్దన్నారు కనుక రాచరికమే మిగిలింది. 1925 అక్టోబరు 31న మజ్లిస్ ఖజార్లను తొలగించింది, డిసెంబరు 12న రాజ్యాంగ సభ ఆయనకు సింహాసనం ఇచ్చింది, 1926 ఏప్రిల్ 25న పట్టాభిషేకం జరిగింది. సైనికాధికారి కుట్ర నుంచి సింహాసనం దాకా అయిదేళ్లు కూడా పట్టలేదు.

రాజ్యాంగం ఉండేదా? అందులో షా అధికారం ఎంత?

ఉండేది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

1906 నాటి మూల చట్టం, 1907 నాటి అనుబంధ చట్టం కలిపి రాజ్యాంగం. అనుబంధంలోని 44వ అధికరణం షాకు బాధ్యత లేదంటుంది, మంత్రులే మజ్లిస్‌కు జవాబుదారీ. 45వ అధికరణం ప్రకారం మంత్రి సంతకం లేని షా ఫర్మానా చెల్లదు. 46వ అధికరణం మంత్రుల నియామకం, తొలగింపు షా ఫర్మానాతో జరుగుతాయంటుంది. (నిజాం ఫర్మానా అన్నప్పుడు మనం వాడే మాట ఇదే.) ఈ మూడింటినీ కలిపి చదివితే 46వది లాంఛనమే, అసలు నిర్ణయం మజ్లిస్‌ది. 46వదాన్ని విడదీసి చదివితే షా తన ఇష్టప్రకారం ప్రధానిని తీసేయవచ్చు. 1953లో ఈ రెండు పాఠాలే ఎదురెదురుగా నిలబడ్డాయి.

ప్రమాదాన్ని మొదటే పసిగట్టినవాడు మజ్లిస్ సభ్యుడు, తర్వాతి కాలపు ప్రధాని ముహమ్మద్ మొసద్దెగ్. 1925 అక్టోబరు 31న మజ్లిస్‌లో లేచి ఆయన చేసిన వాదన సారాంశం ఇది: రెజా ఖాన్ సమర్థుడైన ప్రధాని. ఆయన్ను రాజును చేసి రాజ్యాంగం పాటిస్తే బాధ్యత లేని కుర్చీలో కూర్చోబెట్టి ఆ సమర్థతను వృథా చేసినట్టు. రాజును చేసి పరిపాలన కూడా ఆయన చేతిలోనే పెడితే అది నిరంకుశత్వం. ఆ రోజు ఎదురు మాట్లాడినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. తర్వాతి యాభై నాలుగేళ్ల చరిత్ర ఆ ప్రసంగానికి రుజువులా నడిచింది.

ఇంకో మార్పు కూడా గుర్తుంచుకోవాలి. 1949 ఫిబ్రవరి 4న టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో షా మీద కాల్పులు జరిగాయి. గాయాలతో బయటపడ్డ షా ఆ సానుభూతి వేడిలోనే రాజ్యాంగ సభను పిలిపించి మజ్లిస్‌ను రద్దుచేసే అధికారం తెచ్చుకున్నాడు. కాగితం మీదే ఉన్న సెనేట్ (ఎగువ సభ) కూడా 1950లో కొలువుదీరింది. 60 మందిలో 30 మందిని షాయే నియమిస్తాడు.

రెజా షా ఏం కట్టాడు, ఏం పగలగొట్టాడు?

నిర్బంధ సైనిక సేవ, ఇంటిపేర్ల చట్టం, అలీ అక్బర్ దావర్ తీర్చిన కొత్త న్యాయవ్యవస్థ, టెహ్రాన్ విశ్వవిద్యాలయం (1934 చట్టం), వీటన్నిటికంటే పెద్దది రైలుమార్గం. కాస్పియన్ ఒడ్డున బందర్ షా నుంచి పర్షియన్ గల్ఫ్‌లో బందర్ షాపూర్ దాకా 1,394 కిలోమీటర్లు. 1927లో మొదలై 1938లో పూర్తయింది. విదేశీ అప్పు లేకుండా, చక్కెర, టీ మీద వేసిన పన్నుతో కట్టారు. ప్రతి పేదవాడి టీ గ్లాసులోంచి పైసా పైసా తీసిన రైలు అది. అయినా అప్పట్లో అది ఏ పొరుగు దేశపు రైలునూ కలవలేదు, పెద్ద నగరాల్లో చాలావాటిని తాకలేదు. మార్గం తూర్పు పడమరలుగా ఉండాలని మొసద్దెగ్ అప్పుడే వాదించాడు. పూర్తయిన మూడేళ్లకే మిత్రరాజ్యాలు దాన్ని రష్యాకు యుద్ధ సామగ్రి మోయడానికి వాడుకున్నాయి.

1936 జనవరి 8న స్త్రీల ముసుగు నిషేధం వచ్చింది. వీధుల్లో పోలీసులు చాదర్లు లాగేసేవారు. బయటికి రావడం ఇష్టంలేక ఇంటికే పరిమితమైన స్త్రీలు ఎందరో. దానికి ముందు ఏడాది జులైలో, విదేశీ టోపీలు పెట్టుకోవాలన్న ఆజ్ఞకు నిరసనగా మష్హద్‌లోని గోహర్షాద్ మసీదులో గుమిగూడిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. మత వర్గానికి పహ్లవీల మీద పెరిగిన పగకు వేళ్లు ఇక్కడున్నాయి, ఖొమైనీ రంగంలోకి వచ్చిన 1963లో కాదు.

తనను పైకి తెచ్చిన ముగ్గురికీ ఆయన మిగిల్చింది చావే. కొలువు మంత్రి తైమూర్‌తాష్ 1933లో జైల్లో చనిపోయాడు. దావర్ 1937లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఫిరూజ్ మీర్జాను 1938లో నిర్బంధంలో చంపేశారు. 1941లో ఆపద వచ్చేసరికి షాకు నిజం చెప్పగల మంత్రి చుట్టూ ఎవరూ లేరు.

1941లో రెజా షా ఎందుకు గద్దె దిగాడు? అందులో భారత సైనికుల పాత్ర ఏమిటి?

ఆగస్టు 25న ఉత్తరం నుంచి సోవియట్, దక్షిణం, పడమర నుంచి బ్రిటిష్ సేనలు ఒకేసారి దిగాయి. జర్మన్ నిపుణులను పంపేయలేదన్నది సాకు. రష్యాకు సరఫరా దారి, అబాదాన్ చమురు అసలు కారణాలు. బ్రిటిష్ తరఫున దిగినవాటిలో ప్రధానమైనవి 8వ, 10వ భారత పదాతి డివిజన్లు. 8వది అబాదాన్, ఖొర్రమ్‌షహర్ వైపు, విలియం స్లిమ్ నాయకత్వంలోని 10వది ఖానకీన్ నుంచి కెర్మాన్‌షా వైపు నడిచాయి. రెజా షా ఇరవై ఏళ్లు పెంచిన సైన్యం కొద్దిరోజుల్లోనే చేతులెత్తేసింది.

సెప్టెంబరు 16న వృద్ధ ప్రధాని ఫొరూగీ రాసిన పత్రం మీద సంతకం చేసి షా తప్పుకున్నాడు. మర్నాడు 21 ఏళ్ల కొడుకు మజ్లిస్‌లో ప్రమాణం చేశాడు. పాత షాను ఎక్కించిన ఓడ బొంబాయి చేరింది గానీ బ్రిటిష్ వాళ్లు ఒడ్డున దిగనివ్వలేదు. అక్కణ్నుంచి మారిషస్, తర్వాత జోహన్నెస్‌బర్గ్. 1944 జులై 26న అక్కడే చనిపోయాడు.

1941–53 మధ్య అంతమంది ప్రధానులు ఎందుకు మారారు?

పన్నెండేళ్లలో పన్నెండుగురు. కొందరు రెండు మూడు సార్లు వచ్చారు. షా బలహీనుడు, మజ్లిస్‌లో గుంపులు ఎక్కువ, పార్టీలు తక్కువ. గుంపుల లెక్క మారితే ప్రభుత్వం పడిపోయేది. ఇది చేతగానితనం అనిపిస్తుంది గానీ పత్రికలు, పార్టీలు, సంఘాలు ఊపిరి పీల్చుకున్న కాలం కూడా ఇదే.

ఆ పన్నెండుగురిలో అహ్మద్ కవాం గురించి తప్పక తెలుసుకోవాలి. యుద్ధం ముగిసినా సోవియట్ సేనలు ఇరాన్‌లోని అజర్‌బైజాన్ రాష్ట్రం వదల్లేదు, వాటి నీడలో పీషెవారీ అనే నాయకుడు అక్కడ స్వయంపాలన ప్రభుత్వం పెట్టాడు. కవాం మాస్కో వెళ్లి 1946 ఏప్రిల్‌లో ఉత్తరాది చమురు మీద ఉమ్మడి కంపెనీకి ఒప్పుకున్నాడు. మెలిక ఎక్కడంటే, ఆ ఒప్పందం మజ్లిస్ ఆమోదిస్తేనే చెల్లుతుంది, విదేశీ సేనలుండగా మజ్లిస్ ఎన్నికలు జరపడానికి చట్టం ఒప్పుకోదు. మే నెలలో సోవియట్లు వెళ్లిపోయారు. డిసెంబరులో ఇరాన్ సైన్యం ఆ రాష్ట్ర రాజధాని తబ్రీజ్‌లోకి అడుగుపెట్టింది. 1947 అక్టోబరులో కొత్త మజ్లిస్ ఆ ఒప్పందాన్ని 102–2 ఓట్లతో కొట్టేసింది. చేతిలో తుపాకీ లేని మంత్రి కాగితంతో స్టాలిన్‌ను వెనక్కి పంపాడు. ఆ ఘనతను షా ఏనాడూ మనస్ఫూర్తిగా కవాంకు ఇవ్వలేదు, తన సైన్యానిదే అన్నాడు.

మొసద్దెగ్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకున్నారా?

లేదు. ఇరాన్‌లో ప్రధానికి నేరుగా ఎన్నిక ఎప్పుడూ లేదు. ముందు మజ్లిస్ ఎవరివైపు మొగ్గుతుందో ఓటు వేస్తుంది, తర్వాత షా ఫర్మానా ఇస్తాడు. 1951 ఏప్రిల్ 28న మజ్లిస్‌లో 79 మంది మొసద్దెగ్‌కు ఓటేశారు, 12 మంది వేయలేదు. ఆయన టెహ్రాన్ నుంచి ప్రజలు గెలిపించిన సభ్యుడు, సభ్యుల మద్దతుతో ప్రధాని. మన దేశంలో ప్రధాని అయ్యే తీరుకు ఇది దగ్గరే. అందుకని "ఎన్నికైన ప్రధాని" అనడంలో తప్పు లేదు. "ప్రజలు నేరుగా ఎన్నుకున్న" అంటేనే తప్పు.

చమురు జాతీయీకరణలో అసలు గొడవేమిటి?

లెక్కలు. ఇరాన్ చమురు తీసే బ్రిటిష్ సంస్థ ఆంగ్లో–ఇరానియన్ కంపెనీ ఇరాన్‌కు కట్టే రాయల్టీ కన్నా బ్రిటిష్ ప్రభుత్వానికి కట్టే పన్ను ఎక్కువ ఉండేది, పైగా ఖాతాలు చూడనిచ్చేది కాదు. 1933లో రెజా షా సంతకం చేయించిన ఒప్పందం గడువు 1993 దాకా ఉంది. 1950 చివర్లో పక్కనున్న సౌదీకి అమెరికన్ కంపెనీ సగం సగం లాభం ఒప్పుకుంది. ఆ వార్త వచ్చాక టెహ్రాన్‌లో రాజీ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. జాతీయీకరణను వ్యతిరేకించిన ప్రధాని రజ్మారాను 1951 మార్చి 7న మసీదులో కాల్చి చంపారు. మార్చి 15న మజ్లిస్, 20న సెనేట్ జాతీయీకరణను ఆమోదించాయి.

తర్వాత ఎక్కడ బెడిసింది? అబాదాన్ శుద్ధి కర్మాగారం అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. అది ఇరాన్ చేతికి వచ్చింది, కానీ చమురు మోసే ఓడలు, కొనే కంపెనీలు రాలేదు. బ్రిటన్ బహిష్కరణను పెద్ద కంపెనీలన్నీ పాటించాయి, కువైట్, సౌదీ, ఇరాక్ ఉత్పత్తి పెంచి లోటు పూడ్చాయి. ఇరాన్ చమురు లేకపోతే ప్రపంచం ఆగిపోతుందన్న అంచనా తప్పింది. 1954లో వచ్చిన కన్సార్టియంలో (కంపెనీల కూటమిలో) బ్రిటిష్ కంపెనీకి 40 శాతం, అమెరికన్లకు 40, షెల్‌కు 14, ఫ్రెంచివారికి 6. లాభం సగం సగం. జాతీయీకరణ పేరు మిగిలింది, పట్టు మిగల్లేదు.

1953 ఆగస్టులో రోజువారీగా ఏం జరిగింది?

ఏడాది ముందు నుంచి మొదలుపెట్టాలి. 1952 జులైలో యుద్ధశాఖ తనకివ్వాలని మొసద్దెగ్ అడిగాడు. షా ఒప్పుకోలేదు, ఆయన రాజీనామా చేశాడు. కవాం వచ్చాడు. జులై 21న జనం వీధుల్లోకి వచ్చి ప్రాణాలిచ్చారు, మొసద్దెగ్ యుద్ధశాఖతో సహా తిరిగొచ్చాడు. తర్వాతి ఏడాదిలో ఆయతొల్లా కాషానీ వంటి మిత్రులు ఒక్కొక్కరే దూరమయ్యారు.

ఆగస్టు మొదట్లో మజ్లిస్ రద్దుకు రెఫరెండం పెట్టాడు. అవుననే పెట్టెలు ఒకచోట, కాదనే పెట్టెలు వేరేచోట. ఎవరు ఏ ఓటు వేశారో వీధికంతా తెలుస్తుంది. 99 శాతానికి పైగా అవునన్నారు. ఆ అంకెకు ఎవరు విలువిస్తారు? మజ్లిస్ లేకపోతే షా మిమ్మల్ని తీసేయడానికి అడ్డేముందని హోంమంత్రి సాదిగీ హెచ్చరించాడు. మొసద్దెగ్ వినలేదు. ఆయన మీద ఎంత గౌరవమున్నా, ఇది ఆయన చేసిన అతి పెద్ద తప్పని చెప్పక తప్పదు.

15వ తేదీ అర్ధరాత్రి ఇంపీరియల్ గార్డ్ (షా రక్షక దళం) కల్నల్ నసీరీ తొలగింపు ఫర్మానా పట్టుకుని కాఖ్ వీధిలోని ప్రధాని ఇంటికి వెళ్లాడు. విషయం ముందే పొక్కింది, నసీరీనే అరెస్టు చేశారు. 16న షా రామ్‌సర్ నుంచి తన విమానంలో బాగ్దాద్‌కు, తర్వాత రోమ్‌కు పారిపోయాడు. రెండు రోజులు వీధుల్లో షా విగ్రహాలు కూలాయి. 19న డబ్బిచ్చి కూడగట్టిన గుంపులు, వాటితో కలిసిన మామూలు జనం, వాటి వెనక ట్యాంకులు కదిలాయి. మధ్యాహ్నానికి రేడియో స్టేషన్ పడిపోయింది, సాయంత్రానికి మొసద్దెగ్ ఇల్లు. జనరల్ ఫజ్లొల్లా జాహెదీ ప్రధాని అయ్యాడు, 22న షా తిరిగొచ్చాడు.

దీని వెనక అమెరికా సీఐఏ, బ్రిటిష్ గూఢచార సంస్థ ఉన్నాయన్నది ఇప్పుడు ఊహ కాదు. తమ పాత్రను సీఐఏ పత్రాలే ఒప్పుకున్నట్టు 2013లో అధికారికంగా బయటపడింది. అలాగని ఇరానీయుల పాత్ర లేదనీ కాదు. అధికారులు, బజారు వర్గాలు, కొందరు ముల్లాలు తమ కారణాలతో చేరారు.

మొసద్దెగ్‌కు సైనిక కోర్టు మూడేళ్ల జైలు వేసింది. తర్వాత 1967 మార్చి 5న చనిపోయేదాకా అహ్మదాబాద్ అనే తన ఊళ్లో గృహనిర్బంధం. విదేశాంగ మంత్రి హొసేన్ ఫాతెమీని 1954 నవంబరులో కాల్చి చంపారు.

సావాక్ అంటే?

1957లో పుట్టిన గూఢచార, భద్రతా సంస్థ. అధిపతికి కాగితం మీద ఉప ప్రధాని హోదా, కానీ నివేదికలు నేరుగా షాకే. వరసగా నలుగురు: తైమూర్ బఖ్తియార్, హసన్ పాక్రవాన్, నసీరీ (1953లో ఫర్మానా పట్టుకెళ్లినాయనే), నాసెర్ మొఘద్దం. మొదటివాడు షాకు ఎదురు తిరిగి 1970లో ఇరాక్‌లో హతమయ్యాడు, మిగతా ముగ్గురికీ 1979లో మరణశిక్ష పడింది. చిత్రహింసలు నిజం. దానికంటే విస్తారంగా పాకింది అనుమానం. పక్కవాడు సావాక్ మనిషేమో అని ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు దేశమంతా పట్టుకుంది.

శ్వేత విప్లవంలో ఏముంది? భూసంస్కరణ ఎక్కడ తప్పింది?

శ్వేత విప్లవం అంటే షా సంస్కరణల కార్యక్రమం. 1963 జనవరి 26న రెఫరెండానికి పెట్టినవి ఆరు అంశాలు: భూసంస్కరణ, అడవుల జాతీయీకరణ, ప్రభుత్వ కర్మాగారాల వాటాల అమ్మకం, కార్మికులకు లాభాల్లో వాటా, స్త్రీలకు ఓటు, అక్షరాస్యతా దళం. తర్వాత జాబితా పెరుగుతూ 19 దాకా పోయింది.

భూసంస్కరణ నిజానికి షా ఆలోచనగా మొదలవలేదు. ప్రధాని అలీ అమీనీ, వ్యవసాయ మంత్రి హసన్ అర్సంజానీ కలిసి 1962 జనవరి చట్టంతో ప్రారంభించారు. తొలి పంపకం అజర్‌బైజాన్‌లోని మరాగేలో జరిగింది. ఇరాన్‌లో ఊరిని ఆరు దాంగ్‌లుగా లెక్కిస్తారు. ఒక భూస్వామి ఒక పూర్తి ఊరు, అంటే ఆరు దాంగ్‌లు, లేదా వేర్వేరు ఊళ్లలో అంతే వాటా ఉంచుకుని మిగతాది వాయిదాల మీద ప్రభుత్వానికి అమ్మాలి. అంతవరకు కట్టిన పన్నును బట్టే ధర. పన్ను ఎగ్గొట్టడానికి తక్కువ చూపించినవాళ్లకు నష్టపరిహారమూ తక్కువే వచ్చింది.

లోపం ఇక్కడుంది. సాగు హక్కు, వాళ్ల మాటలో నసక్, ఉన్న రైతుకే భూమి. ఊళ్లో ఉంటూ హక్కు లేని కూలీలు, ఖొష్‌నెషీన్లు, వట్టిచేతులతో మిగిలారు. తోటలకు, యంత్రసాగు భూములకు మినహాయింపు ఉంది కనుక చాలామంది దొరలు రాత్రికి రాత్రే ట్రాక్టర్లు కొన్నారు. చిన్న కమతాలు పొందిన రైతులకు నీరు, అప్పు అందక టెహ్రాన్ దక్షిణ వాడల దారి పట్టారు. ఊళ్లో దొర పోయాడు, ఆయన చోటులోకి ప్రభుత్వం సరిగా రాలేదు. నగరంలో వాళ్లను చేరదీసింది మసీదు.

స్త్రీల ఓటు మాత్రం గట్టి విజయం. 1968లో విద్యాశాఖ చేపట్టిన ఫర్రొఖ్‌రూ పార్సా తొలి మహిళా మంత్రి. 1980లో కొత్త ప్రభుత్వం ఆమెకు మరణశిక్ష విధించింది. ఆ మరణం తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఖొమైనీ ఎప్పుడు రంగంలోకి వచ్చాడు?

1963 జూన్ 5న. షాను విమర్శించినందుకు ఈ మతగురువును అరెస్టు చేస్తే మతకేంద్రమైన కొమ్, టెహ్రాన్ భగ్గుమన్నాయి, ప్రధాని అలం సైన్యాన్ని దింపాడు. 1964లో అమెరికన్ సైనిక సిబ్బందికి ఇరాన్ కోర్టుల నుంచి మినహాయింపు ఇచ్చిన చట్టాన్ని దుయ్యబట్టాక నవంబరు 4న టర్కీకి పంపేశారు, ఏడాదికి ఇరాక్‌లోని నజఫ్‌కు చేరాడు. రుహొల్లా ఖొమైనీ, ఆయన తర్వాత సర్వోన్నత నేత పదవి చేపట్టిన అలీ ఖమేనీ వేర్వేరు మనుషులు. తెలుగు పత్రికల్లో ఈ పొరపాటు ఎక్కువ.

హొవేదా పన్నెండున్నరేళ్లు ప్రధానిగా ఎలా ఉండగలిగాడు?

1965 జనవరిలో ప్రధాని హసన్ అలీ మన్సూర్ హత్యతో వచ్చి 1977 ఆగస్టు దాకా ఉన్నాడు. ఏ నిర్ణయమూ తనది అనుకోకపోవడమే ఆయన బలం. చమురు, సైన్యం, విదేశాంగం నేరుగా షా చూసేవాడు, మిగిలినవి హొవేదా నడిపేవాడు. అప్పటికి రెండు పార్టీలుండేవి, రెండూ షా అనుమతితో నడిచేవే. 1975 మార్చి 2న షా వాటినీ మూసి రస్తాఖీజ్ అనే ఒకే పార్టీ పెట్టాడు. చేరడం ఇష్టంలేనివాళ్లు పాస్‌పోర్టు తీసుకుని దేశం వదలవచ్చన్నాడు. అంతవరకు రాజకీయాల జోలికి రాని మనిషి కూడా ఆ రోజుతో ఒక పక్షం ఎంచుకోవాల్సి వచ్చింది.

1973 డిసెంబరులో టెహ్రాన్‌లో జరిగిన ఒపెక్ (చమురు ఎగుమతి దేశాల కూటమి) సమావేశం బ్యారెల్ ధరను 11.65 డాలర్లకు చేర్చింది. వచ్చిన డబ్బంతా ఒక్కసారిగా ఖర్చుపెట్టారు. ఖొర్రమ్‌షహర్ రేవులో ఓడలు నెలల తరబడి బారులు తీరాయి, ఇంటి అద్దెలు ఆకాశానికంటాయి. ధరలు పెరగడానికి దుకాణదారులే కారణమని 1975లో పార్టీ యువకుల్ని బజార్ల మీదికి తనిఖీలకు పంపారు, వర్తకులకు జరిమానాలు, జైలు. మసీదుకు నిధులిచ్చేది ఆ బజారే.

పెర్సెపొలిస్ ఉత్సవాలకు భారత్ నుంచి ఎవరు వెళ్లారు?

1971 అక్టోబరులో 2,500 ఏళ్ల రాచరికం పేరిట ప్రాచీన రాజధాని పెర్సెపొలిస్ దగ్గర జరిగిన ఆ వేడుకకు అప్పటి రాష్ట్రపతి, బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి హాజరయ్యారు. గుడారాల నగరం, పారిస్ నుంచి దిగిన వంటలు, ఇవన్నీ షా వ్యతిరేకులకు దొరికిన ఆయుధాలు.

ఇరాన్ తేదీలను మన తేదీలకు ఎలా మార్చాలి? 2535 అంటే ఏమిటి?

వాళ్ల సౌర సంవత్సరం మార్చి 20 లేదా 21న మొదలవుతుంది. నౌరోజ్ నుంచి డిసెంబరు 31 దాకా అయితే 621 కలపండి, జనవరి 1 నుంచి సంవత్సరాంతం దాకా అయితే 622. మొర్దాద్ 28, 1332 అంటే ఆగస్టు, కాబట్టి 1332 + 621 = 1953. బహ్మన్ 22, 1357 అంటే ఫిబ్రవరి, కాబట్టి 1357 + 622 = 1979. చివరి మూడు నెలల (దే, బహ్మన్, ఎస్ఫంద్) దగ్గరే తప్పులు దొర్లుతాయి. దే నెల మొదటి పది రోజులు డిసెంబరులోనే పడతాయి.

1976 మార్చిలో షా లెక్కను హిజ్రా నుంచి తీసేసి ప్రాచీన పర్షియా చక్రవర్తి సైరస్ నుంచి మొదలుపెట్టించాడు. 1355 కాస్తా 2535 అయింది. ఆ కాలపు పత్రిక, పాస్‌పోర్టు, నాణెం చేతికొస్తే 1180 తీసేయండి. 1978లో దాన్ని రద్దుచేశారు.

1978లో నలభై రోజుల లెక్క ఏమిటి?

షియా సంప్రదాయంలో చనిపోయిన నలభయ్యో రోజు సంతాపం ఉంటుంది. జనవరి 7న ఎత్తెలాఆత్ పత్రికలో ఖొమైనీని దూషిస్తూ మారుపేరుతో వ్యాసం వచ్చింది. 9న కొమ్‌లో నిరసనకారుల మీద కాల్పులు. సరిగ్గా నలభై రోజులకు, ఫిబ్రవరి 18న, తబ్రీజ్ అట్టుడికింది. అక్కడ చనిపోయినవారికి మార్చి 30 ప్రాంతంలో యజ్ద్‌లో, మళ్లీ వాళ్లకు మే రెండో వారంలో. ఒక్కో అంత్యక్రియ తర్వాతిదానికి ముహూర్తం పెట్టింది.

ఆగస్టు 19న అబాదాన్‌లో రెక్స్ సినిమా హాలు తగలబడి 400 మందికి పైగా కాలిపోయారు. సావాక్ పనేనని జనం నమ్మారు. 1980 విచారణలో నిప్పుపెట్టినవారిలో ఒకడు షా వ్యతిరేక మత బృందానికి చెందినవాడని తేలింది, అప్పటికి దాంతో పని అయిపోయింది.

సెప్టెంబరు 8 నల్ల శుక్రవారం మృతులు ఎందరు?

1978లో ఆ రోజు టెహ్రాన్‌లో, ముఖ్యంగా జాలే కూడలి దగ్గర, నిరసనకారుల మీద సైన్యం కాల్పులు జరిపింది. అప్పటి ప్రభుత్వం చెప్పింది 90 లోపు. ప్రతిపక్షం వేలల్లో చెప్పింది. విప్లవం తర్వాత అమరుల రికార్డులు తిరగేసిన ఇరానీ పరిశోధకుడు ఎమాదుద్దీన్ బాఘీ లెక్క 88, అందులో జాలే కూడలి దగ్గర 64. "వేలమంది" అని రాసేముందు ఇది చూడండి. మృతులు తక్కువన్న మాట కాల్పులను సమర్థించదు. ఆ రోజుతో రాజీ దారి మూసుకుపోయింది.

అంత పెద్ద సైన్యం ఉండి షా ఎందుకు నిలవలేకపోయాడు?

మొదటిది జబ్బు. 1974లోనే రక్త కేన్సర్ బయటపడింది, దేశానికి చెప్పలేదు. రెండోది సైన్యాన్ని అమర్చిన తీరు. కుట్ర భయంతో త్రివిధ దళాధిపతులు ఎవరికి వారు షాకే నివేదించేలా పెట్టాడు, వాళ్లలో వాళ్లు కలిసి నిర్ణయం తీసుకునే అలవాటే లేదు. ఆయన లేకపోతే ఆజ్ఞ లేదు. మూడోది, మధ్యలో తప్పు మోయడానికి ప్రధాని అనేవాడు లేడు. పాతికేళ్లు ప్రతి ఘనతా షాదే అని చెప్పాక ప్రతి తప్పూ షాదే అయింది. నవంబరు 6న టీవీలో "మీ విప్లవ స్వరం విన్నాను" అని చెప్పి, అదే వారం హొవేదాను తన ప్రభుత్వం చేతే అరెస్టు చేయించాడు. ఎవరూ శాంతించలేదు. జైల్లో వదిలేసిన హొవేదాను 1979 ఏప్రిల్ 7న కొత్త ప్రభుత్వం కాల్చి చంపింది.

చివరికి పిలిచింది మొసద్దెగ్ శిష్యుణ్ని. షాపూర్ బఖ్తియార్ 37 రోజులు ప్రధాని. సావాక్ రద్దు, పత్రికా స్వేచ్ఛ, రాజకీయ ఖైదీల విడుదల, ఏళ్ల తరబడి అడిగినవన్నీ 1979 జనవరిలో దొరికాయి. జనవరి 16న మజ్లిస్ ఆయనకు విశ్వాసం తెలిపింది, ఆ రోజే షా అస్వాన్‌కు ఎగిరిపోయాడు. ఫిబ్రవరి 1న ఖొమైనీ దిగాడు. 9న వైమానిక దళ సాంకేతిక సిబ్బంది, హోమాఫర్లు, ఇంపీరియల్ గార్డ్‌తో తలపడ్డారు. 11న సేనాధిపతులు తటస్థత ప్రకటించారు, దాంతో పహ్లవీల పాలన ముగిసింది.

ఒకే పేరున్నవాళ్లతో తికమక. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

తైమూర్‌తాష్ రెజా షా కొలువు మంత్రి, తైమూర్ బఖ్తియార్ సావాక్ అధిపతి. ఆ తైమూర్, చివరి ప్రధాని షాపూర్, షా రెండో భార్య సొరయ్యా ముగ్గురూ బఖ్తియారీ తెగ బంధువులే. అలీ మన్సూర్ 1941 దాడినాటి ప్రధాని, హసన్ అలీ ఆయన కొడుకు. ఫజ్లొల్లా జాహెదీ 1953 జనరల్, అర్దెషీర్ ఆయన కొడుకు, షా అల్లుడు.

రాజు పోయాక కిరీటం, నగలు ఏమయ్యాయి?

టెహ్రాన్‌లోనే ఉన్నాయి. 1937 చట్టం రాచనగలను కరెన్సీకి పూచీగా జాతీయ బ్యాంకుకు అప్పగించింది, తర్వాత కేంద్ర బ్యాంకు నేలమాళిగకు చేరాయి. అవి దేశం దాటకూడదు. అందుకే 1967లో రాణి ఫరా కిరీటం కోసం పారిస్ నగల కంపెనీ పనివాళ్లే టెహ్రాన్ వచ్చి కూర్చుని చేశారు. 1979 జనవరిలో షా వెళ్తూ వాటిని తీసుకెళ్లలేదు. 3,380 వజ్రాలున్న రెండు కిలోల పహ్లవీ కిరీటం, 1739లో నాదిర్ షా ఢిల్లీ నుంచి ఎత్తుకుపోయిన గోల్కొండ గనుల వజ్రం దరియా–ఎ–నూర్, రెండూ ఆ నేలమాళిగలోనే గాజు పెట్టెల్లో ఉన్నాయి. 1926 పట్టాభిషేకం నాడు రెజా షా ఆ వజ్రాన్ని తన సిపాయి టోపీకి పెట్టుకున్నాడు.